గిర్ని ముందరి బెంచీ

మా గిర్ని ముందున్న బెంచీని తీసేశారు. తీసేశాక వచ్చిన ఎండాకాలంలోనే సాయవ్వ మసాలా ఇంకెవరింటికో పోయింది, ఇంకెవరిదో ఆమె సంచిలోకి వచ్చింది. ఇది నాది కాదని ఆమె చెబితే, నీకే గుర్తు లేదవ్వా అని తిప్పి పంపారు. భర్త సంవత్సరీకానికి ఆమె ఆ పరాయి మసాలాతోనే కూర వండి పెట్టింది.

జరిగిన తప్పు ఇది. దీన్ని తప్పు అనడానికి కూడా గిర్నిలో ఎవరూ ఒప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను. మసాలా పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు యంత్రం గురించి ఎవరినడిగినా చెబుతారు. బెంచీ గురించి చెప్పేవాళ్ళు నా తర్వాత ఉంటారన్న నమ్మకం నాకు లేదు.

నా పేరు పోశెట్టి. నిజామాబాద్‌లో, గంజ్ మార్కెట్ దగ్గరి వీధిలో, ఒక మసాలా గిర్నిలో నా వయసంతా గడిచింది. ఇది పిండి పట్టే రాళ్ళ గిర్ని కాదు. వరసగా గుంటలుంటాయి, గుంటల మీద ఇనుప రోకళ్ళుంటాయి, కరెంటు మోటారు వాటిని ఎత్తి దించుతుంటుంది. జనం ఏడాదికి సరిపడా ధనియాలు, మిరపకాయలు, పసుపుకొమ్ములు తెస్తారు. మేం వేయించి, దంచి ఇస్తాం. నేను బడికి పోలేదు. పొట్లాలు కట్టడానికి తెచ్చిన పాత పేపర్లలో అక్షరాలు నేర్చుకున్నాను. పొట్లానికని పేపరు చింపేసరికి వార్త సగంలో తెగేది, మిగతా సగం ఎవరి ఇంటికో జీలకర్రతో కలిసి పోయేది. అందుకేనేమో, ఏ సంగతైనా చివరిదాకా తేల్చుకోవాలన్న పట్టుదల నాకు ఎక్కువ. మా ఇంట్లో దీన్ని మొండితనం అంటారు.

వేయించే పని

మసాలా పని అంటే కలపడం అనుకుంటారు. కలపడం చివర్లో వస్తుంది. మొదలు వేయించడం. ధనియాలు, జీలకర్ర, లవంగాలు, దాల్చినచెక్క అన్నీ ఒకే మూకుట్లో పోసి కలియబెట్టేవాళ్ళను ఇప్పుడు చూస్తున్నాను. దాల్చినచెక్క వేడెక్కేలోపు జీలకర్ర మాడిపోతుంది. దేనికది విడిగా వేయించాలి. గసగసాలను మూకుడు దించాక, ఆ మిగిలిన వేడిమీదే వేయాలి. రాతిపువ్వు చూడటానికి చెట్టు బెరడు రాలిన చెత్తలా ఉంటుంది, దానిలో ఇసుక ఉంటుంది. చేత్తో నలిపి, జల్లించి, నూనె చుక్కలో వేయిస్తే తప్ప వాసన విడవదు. వేయించినవి పూర్తిగా చల్లారాక దంచాలి. వేడి మీద దంచితే పొడి చెమటపట్టి గడ్డకడుతుంది, వానలు పడేసరికి ముక్కిన వాసన వేస్తుంది.

ఇంతవరకూ నేర్చుకోవడం కష్టం కాదు. కష్టమైంది వేరే ఉంది. గరం మసాలా అనేది ఒకటి లేదు, ఇంటికొకటి ఉంది. బాల్కొండ నుంచి వచ్చే ఒకామె సోంపు ఇంకాస్త పడనియ్యి అనేది. ధర్పల్లి ఆమెకు సోంపు వాసనే గిట్టదు. ఒక ఇంట్లో షాజీరా లేకపోతే అది బగారా అన్నమే కాదు, ఆ పక్కింటివాళ్ళకు అదే షాజీరా మందు వాసన. చేరిన కొత్తలో నాకివన్నీ వింతగా ఉండేవి. ఒకసారి ఒకామెతో, లవంగాలు మస్తు ఎక్కువైతున్నయి అక్కా అన్నాను.

"నీ పెండ్లాం ఏస్తదా గిన్ని?" అని అడిగింది.

"ఎయ్యది."

"అయితే మీ ఇంట్ల కూర నువ్వు తిను. మా ఇంట్ల కూర మమ్ముల తిననియ్యి."

బెంచీ మీది వాళ్ళంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఎవరి పాళ్ళకూ నేను అడ్డం చెప్పలేదు. మీరూ చెప్పకండి. రుచి వాళ్ళది, దాన్ని చెడకుండా వాళ్ళ సంచిలోకి చేర్చడం వరకే మనది.

బెంచీ మీద

టేకు బెంచీ అది. గుంటలకు ఎదురుగా, చెయ్యి చాపితే పొడి అందేంత దగ్గరలో ఉండేది. కూర్చున్నవాళ్ళ బరువుకు నడుమ కొంచెం దిగి, నున్నగా అరిగింది. మా గిర్నిలో ఒక పద్ధతి నడిచేది. సరుకు తెచ్చిన మనిషే మొదటి పిడికిలి గుంటలో పోయాలి. పోసి బెంచీ మీద కూర్చోవాలి. దంచడం అయ్యాక గుంట అడుగున అంటిన పొడిని మేం కుంచెతో ఊడ్చి, ఆమె చూస్తుండగా ఆమె సంచిలోనే వేయాలి. ఆమె చిటికెడు తీసుకుని వాసన చూసి తల ఊపితేనే తర్వాతి మనిషి సరుకు గుంటలో పడాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. నేను చేరేసరికే ఉంది, ఎవరూ దాన్ని నియమం అని కూడా అనలేదు.

సాయవ్వను నేను చూసింది ఆ బెంచీ మీదే. చందూర్ నుంచి వచ్చేది. భర్త లింగన్న బస్సు దిగి సంచి మోసుకొచ్చి ఇచ్చి, ఎదురుగా ఛాయ్ హోటల్లో కూర్చునేవాడు. వాళ్ళది వరి, పసుపు పండించే ఇల్లు. ధనియాలు మాత్రం ఇంటికోసం పెరట్లో చల్లుకునేవారు. చిన్న గింజ, ఇంకా పచ్చదనం ఉండగానే కోసి నీడన ఎండబెట్టేది. ఆమె మసాలాలో అన్నీ పడేవి, ఒక్క అనాసపువ్వు తప్ప. ఆ వాసన తగిలితే లింగన్న పళ్ళెం అవతలికి జరిపేవాడు. అందుకని మూకుట్లో అంతకుముందు అనాసపువ్వు వేయించి ఉంటే, మూకుడు కడిగిందాకా సాయవ్వ తన సంచి మూతి విప్పేది కాదు.

వాసన చూడటానికి ఆమె చాలాసేపు తీసుకునేది. వరసలో ఆమె వెనక, బీడీలు చుట్టి బతికే రాజమణి అని ఒకామె ఉండేది, నోరు ఊరుకోదు.

"గంతసేపు చూస్తున్నవు, పిల్లను చూడవోయినవా అక్కా?"

"పిల్లనైతే గింత చూడకపోదు. పిల్లకు మనమే అలవాటైతం. మసాలా తప్పయితే ఏడాదంత తినాలె."

"మీ ఆయన తినడు, నువ్వే తినాలె. అది చెప్పు."

"ఆయన తినకపోతే నేను మల్ల ఒండాలె. గది నీకేం ఎర్క, మీ ఆయన పొయ్యిల బూడిదేసినా తింటడాయె."

ఈ మాటలమధ్య మా చేతులు ఒక్క క్షణం కూడా దారి తప్పేవి కావు. తప్పే వీలు లేదు. అన్ని కళ్ళు గుంటమీదే ఉండేవి.

సేట్

గిర్ని యజమాని విఠల్ సేట్ గురించి ఆయన కొడుకులు దేవుడిలాంటి మనిషని చెబుతారు. నేనట్లా రాయను. పని ఆయనే నేర్పాడు, నిజం. జాజికాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల గింజ ఎండిందో లేదో చెప్పేవాడు. కానీ తొందర ఎక్కువ, పొదుపు ఇంకా ఎక్కువ.

మా ఊళ్ళో పసుపు కాలమూ మసాలా కాలమూ ఒకదాని తోక మీద ఒకటి వస్తాయి. పసుపు దంచిన గుంటలో మసాలా దంచాలంటే ముందు నూకలు పోసి దంచాలి. నూకలు పచ్చగా మారితే తీసేసి మళ్ళీ కొత్తవి పోయాలి. తెల్లగా పోసినవి తెల్లగానే బయటికి వచ్చేదాకా ఆ గుంటలో ఇంకోటి పడకూడదు. ఒక ఏడు జనం ఎక్కువై వరస రోడ్డు దాకా పోయింది. నూకలు ఇంకా పచ్చగా వస్తుండగానే సేట్, ఇక చాలు, మసాలా పొయ్యుండ్రి అన్నాడు. పోశాం. ఆ రోజు మొదట కూర్చున్నది రాజమణి. చిటికెడు తీసుకుని అరచేతిలో రుద్ది చూసింది.

"సేటూ, నేను మసాలా దెచ్చిన్నా, పసుపు దెచ్చిన్నా?"

"రంగే గదనే, రుచికేం గాదు."

"రుచికి ఏం గాకపోతే నువ్వు తీస్కపో. నేను తల ఊపను."

ఆమె ఊపలేదు. ఆమె ఊపకపోతే వెనకున్న ఆమె పిడికిలి పోయదు. వరసలో ఒక్కరూ లేవలేదు, ఒక్కరూ అరవలేదు. సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రోకళ్ళు ఊరికే వేలాడుతున్నాయి. చివరికి సేట్ గద్దె దిగి వచ్చి, ఆ పొడిని తనే వాసన చూసి, తన దుకాణంలోని సరుకులతో రాజమణికి మళ్ళీ మసాలా కట్టించాడు. గుంటలన్నీ మళ్ళీ నూకలతో దంచి శుభ్రం చేయించాడు. ఆ పూట అంతా పనే లేదు.

అదే సేట్‌కు వెనక ఒక గది ఉండేది. హోటళ్ళకు పంపే మసాలా అక్కడ దంచేవాళ్ళం. అక్కడ బెంచీ లేదు. కింద ఊడ్చిన పొడి ఆ మసాలాలో పడేది. నూనె పిండేసిన పిప్పిలవంగాలు, నోట్లో వేసుకుంటే కట్టెపుల్లలా ఉండేవి, అవీ పడేవి. ముందర అదే మనుషులం, వెనకా అదే మనుషులం. సేట్ మంచివాడా, చెడ్డవాడా అని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఒకటే. బెంచీ ముందర మంచివాడు.

బోధన్‌లో

చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, చెరుకు కోతల కాలానికి సేట్ బోధన్‌లో చిన్న గిర్ని ఒకటి పెట్టాడు. నన్ను అక్కడికి పంపేవాడు. కోతలకు మరాఠీ మాట్లాడే కుటుంబాలు బండ్లు కట్టుకుని వచ్చేవి. వాళ్ళ మసాలా నల్లగా ఉంటుంది. ఎండుకొబ్బరి, నువ్వులు, రాతిపువ్వు, ఎండుమిర్చి బాగా నల్లబడేదాకా వేయించి దంచుతారు. అక్కడ బెంచీ వేయించలేదు సేట్. కోతలకు వచ్చినవాళ్ళు, పొద్దుగూకితే పడుకుంటారు, వాళ్ళకేం పట్టింపు అన్నాడు.

మొదటి వారమే కాశీబాయి అని ఒక పెద్దామె వచ్చింది. ఖాళీ నూనె డబ్బా బోర్లించి గుంట ముందు కూర్చుంది. నేను ఆమె సరుకంతా ఒకేసారి గుంటలో పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"భావూ, ఖోబ్రా శేవటీ" అన్నది. అన్నా, కొబ్బరి చివరికి అని.

చివరికి ఎందుకో నాకప్పుడు తెలియలేదు. ఏదైతేంది బాయీ, అన్నీ కలిసేవే గదా అన్నాను. ఆమె వచ్చీరాని తెలుగులో చెప్పింది. కొబ్బరి ముందు పడితే నూనె గుంట అడుగున అంటుకుంటుంది, ఆ జిగురులో పొడి చిక్కుకుని ఎంత ఊడ్చినా రాదు. తర్వాత పోసేవాళ్ళ దాంట్లో ఆ నూనె కలుస్తుంది, నెల తిరగకముందే కనరు పడుతుంది. తన వెనక నిలబడిన పడుచుపిల్లను చూపించి అన్నది: "నాది ఇంత తక్కువైతె కానీ. ఈమెది ఏడాది పాడైతది గద."

బెంచీ మీద కూర్చునే మనిషి తన సంచిని మాత్రమే కాపలా కాస్తుందని నేను అప్పటిదాకా అనుకున్నాను. వెనక రాబోయే మనిషి సంచిని కూడా కాస్తుంది. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, చెరుకు తగ్గింది, ఆ గిర్నీ పోయింది. కొబ్బరి చివరికి అన్నది మాత్రం నేను గిర్ని వదిలేదాకా నడిచింది.

టోకెన్లు

ఇప్పుడు గిర్నిని నడిపేది సేట్ మనవరాలు సంధ్య. ఆమె మీద కోపంతో ఇది రాయడం లేదు. తాత కంటే శుభ్రంగా నడుపుతుంది. దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించింది, పనివాళ్ళ మూతికి గుడ్డ కట్టించింది. అన్నిటికంటే ముందు ఆ వెనక గదికి తాళం వేసింది. హోటళ్ళకు కూడా ఇప్పుడు మంచి సరుకే పోతుంది. ఇవన్నీ సేట్ ఏనాడూ చేయలేదు.

బెంచీ తీసి గోడ కట్టించింది కూడా ఆమే. గోడకు కౌంటరు, కౌంటరు మీద టోకెన్లు. పొద్దున ఇచ్చి పోవాలి, సాయంత్రం తీసుకోవాలి. ఇంటినుంచి తెచ్చుకునే సంచులు మురికిగా ఉంటున్నాయని గిర్నివాళ్ళే తెల్ల సంచులు ఇస్తున్నారు. ఇదివరకు ఒక్కో సంచి ఒక్కో పాత చీర ముక్కతో కుట్టింది, దూరం నుంచే ఎవరిదో తెలిసేది. ఇప్పుడన్నీ ఒకటే. అయినా బీడీలు చుట్టేవాళ్ళకు ఒక పూట పని పోకుండా మిగిలింది, వాళ్ళు సంతోషపడ్డారు. రాజమణి కూడా సంతోషపడింది. అది నేను కాదనను.

పని మానేసినా అటువైపు పోయి రావడం నేను మానలేదు. సాయవ్వ సంచి పట్టుకుని తిరిగి వచ్చిన పొద్దున నేను కౌంటరు పక్కనే ఉన్నాను. లింగన్న పోయి ఏడాది కావస్తోంది, మర్నాడే సంవత్సరీకం.

"బిడ్డా, గిది నాది గాదు" అన్నది.

కౌంటరు మీది అనిత చీటీ చూసింది. "నంబర్ నీదే ఉన్నది గదవ్వా."

"నంబర్ నాదే. మసాలా నాది గాదు. అనాసపువ్వు వాసనొస్తున్నది. మా ఇంట్ల అది ఎయ్యం, మా ఆయనకు పడకపోవు."

"నువ్వేం దెచ్చినవో నీకే యాదికి లేదవ్వా. ఎండల వడి వచ్చినవు, మజ్జిగ తాగుతవా?"

మర్యాదగానే అన్నది ఆ పిల్ల. మంచిపిల్లే. అదే నాకు ఇంకా మండింది. సాయవ్వ మజ్జిగ వద్దన్నది. బెంచీ ఉన్నచోట ప్యాకెట్ల ర్యాకు ఉంది, దానివైపు కొంచెంసేపు చూసింది. నేను సంచి తీసుకుని వాసన చూశాను. ఆమెది కాదు. అదే మాట అనితతో చెప్పాను.

"నువ్వు రిటైరైనవు గద తాతా" అని నవ్వింది.

ముందురోజు చందూర్ వైపు నుంచి ఇంకో సంచి కూడా వచ్చింది. రెండూ పక్కపక్కనే పెట్టారు. రెండోది అప్పటికే వెళ్ళిపోయింది, ఎవరిదో వెతకమన్నా వెతకలేదు. రేపే పెట్టుకొని మల్ల ఏడ దంచుకోను అనుకుంటూ సాయవ్వ అదే సంచి తీసుకుని పోయింది.

సంవత్సరీకానికి నన్ను పిలిచింది, పోయాను. తిన్నవాళ్ళెవరికీ తేడా తెలియలేదు. కూర బాగుందన్నవాళ్ళే ఎక్కువ. అందరికంటే ముందు లింగన్న పేరు మీద విస్తరి వేసి, అన్నం, కూర, ఆయన తాగేది, అన్నీ పెట్టారు. సాయవ్వ ఆ విస్తరి ముందు కూర్చుని, పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా అన్నది: "గీ ఒక్కపారికి తిను."

నేను విన్నాను.

అడగడం

మర్నాడే సంధ్య దగ్గరికి పోయాను. రెండు సంగతులు అడిగాను. చందూర్ పోయి సాయవ్వతో తప్పు మాదని చెప్పు. మసాలా గుంటల ముందు మళ్ళీ బెంచీ వేయించు.

"ఒక్క సంచి తారుమారైతే గింత గోల జేస్తవా తాతా?"

"తారుమారైనందుకు కాదు. కాలేదన్నందుకు."

"బెంచీ ఉంటే తారుమారు కాకపోవునా?"

"అవును, అయ్యేది. అయితే ఆడికాడనే తెలుస్తుండె. పక్కన కూసున్నామె నీది గిదమ్మా అని ఇస్తుండె. ఇద్దరు నవ్వుకుందురు."

"మిరపకాయ ఘాటుకు దగ్గుకుంట కూసుండాల్నా ఆడోళ్ళు? నువ్వు కూసున్నవా ఎన్నడన్న? నిలబడి దంచినవు, మూతికి గుడ్డ లేక ఇయ్యాల్టికి దగ్గుతనే ఉన్నవు."

కారం దంచే గది వేరే ఉంది కదా, బెంచీ ఇటువైపు వేయించు అన్నాను. చూస్తా తాతా అన్నది. మా ఊళ్ళో చూస్తా అంటే ఏమిటో అందరికీ తెలుసు.

తర్వాత ఫోనులో మాట రికార్డు చేసి పంపాను. మధ్యలో దగ్గు వచ్చి మాట సరిగా పోలేదేమోనని, ఒంటివేలితో తెలుగులో టైపు చేసి మళ్ళీ పంపాను. చూసినట్టు నీలి గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. వానలు మొదలయ్యాయి, పసుపు విత్తడం అయిపోయింది. మా ఇంట్లో, ఇక వదిలెయ్యి అన్నారు. వదిలెయ్యలేదు, ఇంకోసారి పంపాను.

మసాలా పనిలోకి వచ్చే పిల్లలూ, మీరు నాకంటే మంచి యంత్రాల మీద పనిచేస్తారు. ఫ్యాన్లు వద్దని, మూతికి గుడ్డ వద్దని నేను చెప్పను. కానీ ఒక మనిషి తన కూర వాసన తనకు తెలుసని మీ ముందుకొచ్చి నిలబడితే, చీటీ తర్వాత చూడండి. ముందు సంచి మూతి విప్పి వాసన చూడండి. మీ ముక్కు పనిచేయకపోతే ఆమె ముక్కును నమ్మండి. అది చేతకానివాళ్ళకు ఎంత మంచి రోకలిచ్చినా వెనక గదే తయారవుతుంది.

ఇంతవరకూ రాశాక, మొన్న సంధ్య జవాబు వచ్చింది. ఫోనులో ఆమె మాట్లాడి పంపింది, నేను మళ్ళీ మళ్ళీ విని, అన్నది అన్నట్టు రాసుకున్నాను:

"తాతా, గిన్ని దినాలు జవాబియ్యలే, ఏమనుకోకు. నిన్న చందూర్ పోయొచ్చిన. తప్పు మాదే అవ్వా అని సాయవ్వకు చెప్పిన. ఆమె కూసో బిడ్డా అని ఛాయ్ పోసింది. బెంచీ ఏపిస్తున్న, ఎండాకాలం రా అవ్వా, నీ ముంగటనే దంచుతం అన్న. 'నేను ఇంట్ల రోట్లెనే దంచుకుంటున్న బిడ్డా, గదే అలవాటైంది' అన్నది. ఇప్పుడు వడ్లాయన రంపం వట్టుకొని వచ్చి నా ముంగట కూసున్నడు, బెంచీ ఎంత పొడుగు ఉండాలె అని అడుగుతున్నడు. ఎంతని చెప్పాలె తాతా?"